ప్లేటు పార్టీ, సీడీ పార్టీ, ఫోను పార్టీ

మా బావ ఎవరి మాటా వినడు. మా ఇంట్లో ఇది ఫిర్యాదు కాదు, పరిచయం. కొత్తవాళ్ళెవరైనా కనపడితే చాలు, "మా అల్లుడండీ, మైకుసెట్ల వ్యాపారం, ఎవరి మాటా వినడు" అని మా అమ్మ ఒకే ఊపిరిలో చెప్పేసేది. ఆ చివరి ముక్క దగ్గర ఆవిడ గొంతులో కాస్త గర్వం కూడా పలికేది. నేను ఒక్కపూట మా ఆవిడ మాట వినకపోతే మాత్రం "నీకు పొగరెక్కిందిరా" అని అదే అమ్మ విరుచుకుపడేది. అల్లుడు వినకపోతే హోదా, కొడుకు వినకపోతే పొగరు. ఏం న్యాయమో!

బావకి సౌండు సర్వీసు ఉంది. సభలు, పెళ్ళిళ్ళు, కాలేజీ వేడుకలు, ఎన్నికల ఊరేగింపులు, ఎక్కడ జనం గుమిగూడితే అక్కడ మా బావ నిలువెత్తు స్పీకరు పెట్టెల పక్కన నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంటాడు. "హలో, మైక్ టెస్టింగ్" అంటూనే ఆయన వయసంతా గడిచిపోయింది. మా అక్కది లైబ్రరీలో ఉద్యోగం. ఎవరైనా కుర్చీ బరబరా లాగితే తలెత్తి ఒక్క చూపు చూస్తుంది, అంతే, కుర్చీ నోరు మూసుకుంటుంది. ఆవిడ మాట్లాడితే పక్క బల్ల దగ్గర చదువుకునేవాడికి వినపడకూడదు. ఇంటికొచ్చినా ఆ గొంతు పెరగదు. చప్పుడు అద్దెకిచ్చేవాడికీ చప్పుడు ఆపించే మనిషికీ పెళ్ళి కుదిర్చిన పెద్దమనిషెవరో గానీ, ఆయనకి వెటకారం బాగా తెలుసు.

నాది ఫోన్లు బాగుచేసే కొట్టు. అందుకని బావ నన్ను స్క్రూడ్రైవరూ అని పిలుస్తాడు. నేనూ ఊరుకోను, గొట్టం బావా అని మొహం మీదే అంటాను. బావా బామ్మర్దులన్నాక ఆ మాత్రం లేకపోతే ఎలా?

కిందటి వేసవిలో ఆయనకి ఉన్నట్టుండి జ్ఞానోదయమైంది.

"ఒరేయ్ స్క్రూడ్రైవరూ, ఇన్నేళ్ళూ ఊరందరికీ పాటలు వినిపించాను. నాకంటూ ఒక్క పాట విన్నానా? ఇక పని తగ్గించుకుని, మంచి కలెక్షను ఒకటి పెట్టుకుని, కాలు మీద కాలేసుకుని వింటానురా."

ఆ మాట నాకు నిజంగానే నచ్చింది. పాపం కష్టపడ్డ మనిషి కదా అనిపించింది. ఆయనకి ఇష్టమైన పాత పాటలన్నీ ఏరి, అగ్గిపెట్టెంత డిస్కులో నింపి, ఫోనుకి తగిలించి, చెవులకి మంచి హెడ్‌ఫోన్లు పెట్టి కూర్చోబెట్టాను. "ఇదిగో బావా, అరగదు, దుమ్ము పట్టదు, జేబులో పడుతుంది. ఇల్లు మారినా మోసుకెళ్ళక్కర్లేదు" అని మా ఫోను పార్టీ ప్రచారం కూడా చేశాను.

కళ్ళు మూసుకుని విన్నాడు. కాసేపటికి మొహం చేదుగా పెట్టాడు.

"గజ్జెలేవిరా?"

"ఏ గజ్జెలు?"

"ఈ పాట ఎత్తుకోవడమే సన్నటి గజ్జెలతో ఎత్తుకుంటుంది. ఆ తర్వాత వేణువు. గజ్జెలు లేవు, వేణువు సగమే ఉంది. మీ ఫోన్లవాళ్ళు రసం మీరు తాగేసి పిప్పి మాకిస్తున్నార్రా!"

హెడ్‌ఫోన్లు లాక్కుని నేను విన్నాను. గజ్జెలు ఘల్లుఘల్లుమంటున్నాయి. "ఉన్నాయి కదా బావా" అన్నాను. "నీకు వినడం రాదు" అన్నాడు. అంత ధీమాగా అనేసరికి నేను నా చెవుల్నే అనుమానించాను. ఆయనేమో సౌండులో పుట్టి సౌండులో పెరిగినవాడు, నేనేమో స్క్రూలు తిప్పుకునేవాణ్ణి. నిపుణుడు లేదంటే లేనట్టే అనుకోవడం మనకి అలవాటైపోయింది.

అప్పుడు రంగంలోకి దిగాడు పళ్ళ డాక్టరు. బావకి చిన్ననాటి స్నేహితుడు, సీడీ పార్టీకి అధ్యక్షుడు, కార్యదర్శి, ఏకైక సభ్యుడు. ఆయన సీడీని మనం పట్టుకున్నట్టు పట్టుకోడు. క్లినిక్కులో వాడే తెల్ల గ్లవుజులు తొడుక్కుని, అంచులు మాత్రమే తాకుతూ, దూదితో మధ్యలోంచి అంచుకి తుడుస్తాడు. అంచు నుంచి మధ్యకి తుడిచినవాడితో ఆయన మాట్లాడటం మానేసిన సందర్భాలున్నాయి.

"ఫోనులో పాట నీది కాదయ్యా, కంపెనీవాడిది. రేపు వాడికి తిక్క పుట్టి తీసేస్తే ఏం వింటావు, వాడి తిక్కా? సీడీ అంటే ఆస్తి. బీరువాలో పెట్టి తాళం వేసుకోవచ్చు" అని బావకి బోధించాడు.

బావ బీరువా కొన్నాడు. అది పట్టక అక్క పుస్తకాల అలమర బాల్కనీలోకి వెళ్ళింది. సీడీలు వచ్చాయి, అక్షరక్రమంలో నిలబడ్డాయి. బావ అదే పాట పెట్టుకుని విన్నాడు.

"ఏవయ్యా డాక్టరూ, గజ్జెలేవి?"

డాక్టరు మొహం మాడిపోయింది. తన పన్నే పుచ్చిందని ఎవరో అన్నంత బాధపడ్డాడు. ఆ తర్వాత బావ పాత సామాన్ల వీధిలో గ్రామఫోను ప్లేట్లు అమ్మే ఒకాయన్ని కనిపెట్టాడు. ఆ కొట్టాయన సరుకు అమ్మడు, ఉపదేశిస్తాడు. "ప్లేటు ఊపిరి తీసుకుంటుంది సార్. అందులో వెచ్చదనం ఉంటుంది. మీలాంటి చెవి ఉన్నవాళ్ళకి తప్ప తెలీదు" అన్నాడట. ఆ "మీలాంటి చెవి" అన్న ముక్కకి మా బావ ఫ్లాటు. ఆటోలో ప్లేట్లు తిప్పే యంత్రం, దాని వెనకాల ప్లేట్ల అట్టపెట్టెలు, ఊరేగింపుగా వచ్చాయి. మా బావ నోట్లో కొత్త మాటలు మొలిచాయి. కాఫీ వెచ్చగా ఉందా అని అక్క అడిగితే "పాటలో వెచ్చదనం గురించి నీకేం తెలుసు" అనేవాడు.

ప్లేట్లలోనూ గజ్జెలు దొరకలేదు. అయితే ఈసారి తప్పు ప్లేటు మీద ఆనే ముల్లుది. ముల్లు మార్చాడు. తర్వాత వైర్లు మార్చాడు. తర్వాత తప్పు గోడలదని తేలింది. గోడలు పాటని తినేస్తున్నాయట! చుట్టాలొస్తే వేసే పరుపుని నిలబెట్టి గోడకి మేకులు కొట్టాడు. "మరి చుట్టాలొస్తే?" అంది మా ఆవిడ. "నిలబడి పడుకుంటారు" అన్నాను నేను.

ఆ రోజుల్లోనే ఒక కాలేజీ వేడుకకి సాయం వెళ్ళాను. ప్రిన్సిపాలు మైకు పట్టుకుని స్పీకరుకి ఎదురుగా వచ్చాడో ఏమో, కీఁచుమని ఒకటే మోత. హాలంతా చెవులు మూసుకుంది. మా బావ మాత్రం చేతులు కట్టుకుని, మొహంలో గొప్ప శాంతితో, సీలింగు ఫ్యాను కేసి చూస్తున్నాడు. పనివాడు పరిగెత్తుకొచ్చి తగ్గించాడు. "ఎక్కడున్నావు బావా?" అంటే, "కొత్త ముల్లు గురించి ఆలోచిస్తున్నానురా" అన్నాడు. పిచ్చి ముదిరిందనుకున్నాను. అంతకుమించి నాకు తట్టలేదు.

ఇక ఆయన సిద్ధాంతం ఒకటుంది. ఈ కాలంలో ఎవరికీ నోరు తెరిచి మాట్లాడటం రాదు. టీవీలో వార్తలు చదివేవాళ్ళు గొణుగుతారు, హోటల్లో సర్వరు గొణుగుతాడు, బ్యాంకులో అమ్మాయి గొణుగుతుంది. "మీ అక్క సంగతి చెప్పనే అక్కర్లేదు" అనేవాడు. ఎవరేం గొణిగినా ఆయన దగ్గర ఒకటే జవాబు. ఊఁ. ఊఁ కొట్టడంలో మా బావ దిట్ట. కథ చెప్పేవాడికి అలాంటి శ్రోత దొరికితే తెల్లార్లూ చెబుతాడు. ఒకసారి సామాన్లు దించుకోవడానికి ఆయన వ్యాను కావాలని నేను అడిగితే ఊఁ అన్నాడు. తీరా తీసుకెళ్తే వ్యాను పోయిందని ఊరంతా గగ్గోలు పెట్టాడు. "నువ్వేగా బావా ఊఁ అన్నావు!" అంటే, "నన్నడిగావా? ఎప్పుడు?" అన్నాడు. బుకాయిస్తున్నాడనుకుని నేను వారం పాటు ఆ గుమ్మం తొక్కలేదు.

చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం అక్క మా కొట్టుకొచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. కస్టమర్లు కూర్చునే స్టూలు మీద కూర్చుని, కౌంటరు మీద విప్పి పెట్టిన ఫోను కేసి కాసేపు చూసింది. అక్క మాట వినపడాలంటే నేను పని ఆపి ముందుకి వంగాల్సిందే.

"తమ్ముడూ, మీ ఇంటికి వచ్చి ఉంటానురా."

"రా అక్కా, దానికి అడగడమేంటి? ఎన్నాళ్ళుంటావు?"

"తెలీదు. వెనక్కి వెళ్ళాలని లేదు."

పరుపు గొడవా, అలమర గొడవా అని అడిగాను. అక్క తల అడ్డంగా ఊపింది.

"అవన్నీ నాకు లెక్క కాదురా. ఆయన సరదా ఆయనది. వానలు మొదలవకముందు ఒకరోజు గిన్నెలు కడుక్కుంటూ అడిగాను. మొహం చూస్తూ అడగలేక, వెనక్కి తిరక్కుండానే అడిగాను. ఆయన వెనకాల బల్ల దగ్గర కూర్చుని సీడీలు తుడుచుకుంటున్నారు. నన్ను చేసుకున్నందుకు ఎప్పుడైనా బాధపడ్డారా, అని."

"ఏమన్నాడు?"

"ఊఁ అన్నారు."

చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు కౌంటరు మీద పెట్టేశాను.

"కోపంగా అన్నా బాగుండేదిరా. తిట్టి అన్నా సరిపెట్టుకునేదాన్ని. ఉప్పు సరిపోయిందా అని అడిగితే అన్నట్టు, మామూలుగా అన్నారు."

"మళ్ళీ అడగలేకపోయావా అక్కా? ఆయన పరధ్యానంలో..."

"ఒకసారి అనిపించుకున్నది చాలదా? ఇంకోసారి అనిపించుకోవాలా?" అంది. కళ్ళు తుడుచుకోలేదు, ఎందుకంటే ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. "ఆదివారం లైబ్రరీ సెలవు. ఆ రోజు వస్తాను. నువ్వు మాత్రం ఆయనతో ఒక్క మాట అనడానికి వీల్లేదు. ఒట్టు. అడుక్కుని తెచ్చుకునే ప్రేమ నాకొద్దు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నల్ల పళ్ళేల్లో గజ్జెల కోసం గోడలు తవ్వుతున్న పెద్దమనిషికి కట్టుకున్న మనిషి అంత చులకనా! ఆ ముల్లు పీకి ఆయన చేతిలో పెట్టి వచ్చేద్దామన్నంత కోపం వచ్చింది. ఒట్టు అడ్డొచ్చింది. సాయంత్రం మా ఆవిడతో చెబితే, "వదిన ఎన్నాళ్ళైనా ఉండనీండి. కాకపోతే మన దగ్గర పరుపు లేదు. వచ్చేటప్పుడు ఆ గోడది ఊడబెరికి తీసుకురండి. ఆయన పాటలు ఉత్త గోడల్తో వినుకుంటాడు" అంది. మా ఆవిడ కోపంలో ఉన్నప్పుడు భలే ముచ్చటగా మాట్లాడుతుంది.

ఆ ఆదివారమే బావ పోటీ పెట్టుకున్నాడు. గదిలో ఇంక చోటు లేదు, ఒకటే రకం ఉంచుకుని మిగతా రెండూ వదిలించుకోవాలి. కళ్ళకి గంతలు కట్టుకుని ఒకే పాట మూడు రకాలుగా వింటాడట. ఏది గెలిస్తే అదే కలెక్షను. నేను అంపైరుని. పొద్దున్నే వెళ్ళేసరికి డాక్టరు గ్లవుజులతో సహా హాజరు. అక్క లోపల గదిలో ఉంది. తలుపు సందులోంచి సంచీ కనపడింది. నాకు పాటల మీదా పోటీ మీదా అసహ్యం పుట్టింది, కానీ వెళ్ళిపోలేదు. ఆఖరి నిమిషంలో ఏదైనా జరగకపోతుందా అని ఆశ.

బావ రెండు స్పీకరు పెట్టెల మధ్య కుర్చీలో కూర్చుని తువ్వాలు కళ్ళకి బిగించుకున్నాడు.

"కానివ్వండి" అన్నాడు.

మొదట ఫోను పెట్టాను. "గజ్జెల్లేవు. ఇది ఫోను. పిప్పి" అన్నాడు. కరెక్టే. రెండోది ప్లేటు పెట్టాను. "ఇది సీడీ. చల్లగా, ఆసుపత్రి గోడలా ఉంది. ఏమనుకోకు డాక్టరూ" అన్నాడు. డాక్టరు ఏమీ అనుకోలేదు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మూడోది సీడీ పెట్టాను.

"ఆఁ! ఇదీ! ఇదిరా ప్లేటంటే! గజ్జెలు ఇందులోనూ లేవనుకో, కానీ ఆ వెచ్చదనం చూడు, గొంతులో ఊపిరి చూడు!" అని బావ తొడ చరిచాడు.

డాక్టరు కళ్ళు ఆనందంతో మెరిశాయి. నేను పాట ఆపేశాను. చెప్పేద్దామని నోరు తెరిచేసరికి, గుమ్మంలో అక్క. చీర మార్చుకుంది, చేతిలో సంచీ. బావ కుర్చీ వెనక్కొచ్చి నిలబడింది. డాక్టరు ఉన్నాడని కూడా చూడలేదు.

"నేను తమ్ముడింటికి వెళ్ళిపోతున్నాను. బీరువా తాళంచెవి టీవీ పక్కన పెట్టాను. మందులు వంటింటి అలమరలో పైఅరలో ఉన్నాయి. మీకు చెప్పకుండా వెళ్ళడం ఇష్టం లేక చెబుతున్నాను."

మా బావ చూపుడువేలు పైకెత్తాడు.

"విన్నారా?" అన్నాడు మెల్లగా, పరవశించిపోతూ. "పాట అయిపోయాక ఈ నిశ్శబ్దం! విన్నారా దీన్ని? ఇది ఒక్క ప్లేటులోనే దొరుకుతుంది."

అక్క మొహంలో రక్తం లేదు. "విన్నావుగా" అంది నాతో, సంచీ సర్దుకుంటూ. ఒట్టూ గిట్టూ నాకు గుర్తులేదు. బావ కాలరు పట్టుకుని లేపేద్దామని అడుగు వేశాను. డాక్టరు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆయన మొహం క్లినిక్కు మొహంలా మారిపోయింది. బావ కుర్చీ వెనక్కి వెళ్ళి, చెవికి జానెడు దూరంలో నోరు పెట్టి, మామూలు గొంతుతో, "నీ అంత వెధవ ఈ చుట్టుపక్కల లేడయ్యా" అన్నాడు.

బావ తువ్వాలు కింద చిరునవ్వు నవ్వుతూ నిశ్శబ్దాన్ని ఆస్వాదిస్తున్నాడు. అక్క ఆగిపోయింది.

ఫోన్ల స్పీకర్లు పరీక్షించడానికి నా దగ్గర ఒక చప్పుడు ఉంది. లావుగా మొదలై, సన్నబడుతూ సన్నబడుతూ, చివరికి పళ్ళు జివ్వుమనేంత పైకి వెళ్తుంది. ఫోను తీసి, ఆ చప్పుడు పెద్ద పెట్టెల్లోకి వదిలాను. లావుగా ఉన్నంతసేపూ బావ తల ఊపాడు. "ఆఁ, ఇదేదో కొత్త పరీక్షా? కానీ" అన్నాడు. చప్పుడు సన్నబడింది. తల ఊపడం ఆగింది. ఇంకా పైకి వెళ్ళింది. అక్క సంచీ వదిలేసి చెవులు మూసుకుంది. డాక్టరు గోడ మీది పరుపుకి మొహం ఆనించాడు. కింద వీధిలో కుక్కలు మొరగడం మొదలుపెట్టాయి.

"ఆపావేంరా స్క్రూడ్రైవరూ? కానీ, కానీ" అన్నాడు మా బావ, కాలు ఊపుకుంటూ.

నేను తువ్వాలు విప్పాను. చెవులు మూసుకున్న అక్కనీ, పరుపుకి అతుక్కున్న డాక్టరునీ చూసి ఆయన బిత్తరపోయాడు. ముందు నవ్వాడు. ఆట పట్టిస్తున్నామనుకున్నాడు. తర్వాత నా ఫోను పాడైందన్నాడు. నేను యాంప్లిఫయరు కేసి వేలు చూపించి, ఆ చప్పుడు మళ్ళీ పెట్టాను. దాని మీద చప్పుడు కొలిచే లైట్లు ఆకుపచ్చలోంచి ఎరుపులోకి ఎగబాకి, ఎరుపులోనే నిలబడ్డాయి. మా బావ మనుషుల్ని నమ్మడు గానీ ఆ లైట్లని నమ్ముతాడు. వాటిని చూస్తూ ఉండిపోయాడు. చూసి చూసి, ముందుకి వంగి స్పీకరుకి అరచెయ్యి ఆనించాడు.

"మోగుతోందా?" అన్నాడు.

"మోగుతోంది బావా" అన్నాను. నా కోపం ఎటు పోయిందో తెలీదు.

వినడు. వినపడదు. ఇంతకాలం మా కుటుంబం కుటుంబమంతా మొదటి మాట పట్టుకుని కూర్చుంది. మధ్యలో ఒక చిన్న "పడ" ఉందేమోనని ఒక్కడికీ అనుమానం రాలేదు. వినకపోవడం అల్లుడికి అందమని చెప్పి చెప్పి, ఆ మనిషికి కూడా వేరే అనుమానం రానివ్వలేదు.

బావ చూపు అక్క సంచీ మీద పడింది.

"ఎక్కడికి?"

అక్క పెదవులు కదిలాయి. ఎప్పటిలాగే, లైబ్రరీ గొంతుతో ఏదో చెప్పింది. బావ ఆ పెదవుల కేసి చూస్తూ ఒక్కసారిగా నా మీద విరుచుకుపడ్డాడు.

"ఇదిగో, ఇదే! చూశావా? నోరు కదుపుతుంది, మాట బయటికి రాదు! మీ అక్క నాతో మాట్లాడి ఎన్నాళ్ళైందో తెలుసా నీకు? నామీద మనసు విరిగిపోయి గొణుక్కుని ఊరుకుంటోందనుకున్నాను. ఇల్లు బావురుమంటుంటే ఉండలేక ఈ పాటలు తెచ్చుకున్నానురా!"

డాక్టరు మెల్లగా గ్లవుజులు విప్పి జేబులో పెట్టుకున్నాడు. మేమిద్దరం బయటికి వెళ్ళిపోవాల్సింది. మర్యాద తెలిసినవాళ్ళైతే వెళ్ళేవాళ్ళే.

అక్క కుర్చీ ముందుకొచ్చి ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుంది. ఈసారి పెదవులు విడదీసి, ఒక్కొక్క మాటా విడివిడిగా అడిగింది. "మరి ఊఁ అంటారేం?"

"నువ్వేదో అన్నట్టు అనిపిస్తే అంటాను. అనకపోతే ఆ కాస్తా కూడా మానేస్తావేమోనని భయం" అన్నాడు బావ.

అప్పుడు మా అక్క, కుర్చీ చప్పుడైతేనే కళ్ళురిమే మా అక్క, పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ గొంతు పెంచని మా అక్క, వీధిలో కుక్కలు మళ్ళీ మొదలెట్టేలా అరిచింది.

"నన్ను చేసుకున్నందుకు ఎప్పుడైనా బాధపడ్డారా అని అడిగాను! ఊఁ అన్నారు!"

పైవాటా వాళ్ళ కిటికీ తెరుచుకున్న చప్పుడైంది. బావ తెల్లబోయి ఆవిడ మొహంలోకి చూశాడు.

"దానికి నేను ఊఁ అన్నానా?"

అక్క తల ఊపింది.

"ఎప్పుడు?"

"వానలకి ముందు!"

బావ లెక్క వేసుకుంటున్నట్టు కిటికీ కేసి చూశాడు. బయట చలికాలపు ఎండ.

"అప్పట్నుంచీ... ఊఁ అన్నవాడికి రోజూ వండి పెడుతున్నావా నువ్వు?"

మా బావ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఏడుపులో కూడా గొంతు ఎంత పెద్దదో ఆయనకి తెలీదు, పాపం. డాక్టరు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు, మధ్యలోంచి అంచుకో అంచు నుంచి మధ్యకో చూసుకోకుండా. నేను సంచీ తీసుకెళ్ళి లోపల గదిలో పెట్టి వచ్చాను.

వచ్చేసరికి అక్క ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఏదో చెబుతోంది. అరుపంతా ఒక్కసారికే అయిపోయినట్టుంది. మళ్ళీ అదే చిన్న గొంతు. గుమ్మంలో ఉన్న నాకే ఒక్క ముక్కా అందలేదు. మా బావ కుర్చీలోంచి కిందికి జారి, ఆవిడకి ఎదురుగా నేల మీద కూర్చుని, చెవి వెనకాల అరచెయ్యి పెట్టుకున్నాడు.

"వినపడలేదు. మళ్ళీ చెప్పు" అన్నాడు.